ఎలుగుబంటి నిలబడ్డ తీరు

హలో… ఆ, నేనే నాన్నా. నా బొమ్మల పుస్తకం అందిందా?…

ఏ పేజీ?… ఎలుగుబంటా? దానికేమైంది?…

అయ్యో రామ! అది నువ్వెందుకవుతావు? నీకు మీసముంది, దానికి లేదు. నీకు బట్టతల, దానికి ఒళ్లంతా జుట్టే…

ఎవరన్నారు?… మీ డిపో డ్రైవరు బాబాయా? ఏమన్నాడేంటి?…

పేజీ తిప్పి… ఠక్కున లేచి నిలబడ్డాడా!… "బండి కాస్త లేటయింది సార్" అన్నాడా? ఎలుగుబంటితోనా!…

నవ్వట్లేదు నాన్నా. దగ్గు…

సరే, సరే, ఒప్పుకుంటున్నా. మొహం మార్చాను, ముక్కు మార్చాను. నిలబడ్డ తీరు మాత్రం మార్చలేకపోయాను. చేతులు వెనక్కి, పొట్ట ముందుకి, కుడికాలు నేల మీద టకటక… అవును, అడవిలో బస్సుల్లేవు. అయినా ఏదో లేటయినట్టే చూస్తుంది…

ఎందుకంటే, చూసేది చంటి పిల్లలు. వాళ్లకింకా చదవడం రాదు. 'ఇది మహా స్ట్రిక్టు' అని కింద రాస్తే ఏం లాభం? ఒంటి తీరు చూసే తెలియాలి. ముందు నిటారుగా వేశాను, గుంజ పాతినట్టుంది. భుజాలు వంచి వేస్తే జ్వరమొచ్చిన ఎలుగుబంటి. ఇక నా చెయ్యి దానంతటదే మీ డిపోకి వెళ్లిపోయింది…

ముప్పై ఏళ్ల కంట్రోలరు పరువు… ఆ, గంగలో కలిపేశాను…

రావా? అదేంటి నాన్నా! ఇవాళ సాయంత్రమే కదా పుస్తకం విడుదల? ముందు వరసలో నీ కుర్చీ— నలుగురూ నవ్వితే నవ్వనీ! నువ్వు లేకపోతే నాకు కాళ్లూ చేతులూ ఆడవు…

ఒక్క మాట విను. ఆఖరి పేజీ చూశావా?… కోపమొచ్చి మూసేశావా? తియ్యి… కళ్లజోడు జేబులోనే ఉంటుంది…

ఆ. పిల్ల ఎలుగు బండెక్కి చదువుకి వెళ్లిపోతోంది. పెద్దదాని చేతులు చూడు. ఒకటి వెనకే ఉంది. రెండోది?…

తప్పు వెయ్యలేదు. సగమే లేచింది…

నేను హాస్టల్‌కి వెళ్లిన రోజు నాన్నా. నువ్వే విజిలేసి బస్సు పంపించావు. టాటా కూడా చెప్పలేదని మూడు నెలలు నీకు ఉత్తరం రాయలేదు, గుర్తుందా?… వెనకద్దంలోంచి చూశాను. నీ చెయ్యి నడుము దాకా లేచి ఆగిపోయింది. చొక్కా సర్దుకుంటున్నావనుకున్నా, పిచ్చిదాన్ని. మొన్న బొమ్మ వేస్తుంటే తెలిసింది… ఏడ్చాను కూడా. అప్పుడు నీకు రాయనందుకు…

నాన్నా?… హలో?…

అమ్మా, నువ్వా! నాన్నేడి?… ఫోను నీ చేతిలో పెట్టేసి… ఇస్త్రీ చొక్కా తీశాడా!…

ఆరింటికమ్మా. లేటు చెయ్యొద్దని… ఆ, ఆయనకి మనం చెప్పాలా…

ఏంటీ? అద్దం ముందు నిలబడి… చేతులు వెనక్కి పెట్టుకుని… పొట్ట లోపలికి లాగుతున్నాడా?

వద్దని చెప్పమ్మా! పిల్లలు గుర్తుపట్టరు…