ఉత్తరం ఎటున్నది?

ఏమన్నవ్ బిడ్డా? జర గట్టిగ చెప్పు, గీ ఫ్యాను చప్పుడుల సగం మాటలు ఇనబడ్తలేవు. రేపు బీఈడీల నీకు పాఠం ఉన్నదా? నేను పిల్లగాని లెక్క కూసుని నీ ప్రశ్నలకు జవాబు చెప్పాల్నా? అరె, మీ తాత సుత గిదే అడిగెటోడు నన్ను! ఒలీవియా, నువ్వు అచ్చం క్రీస్తుదాసు సార్ మనుమరాలివే పో. కూసో, చాయ్ వస్తది. పాఠం యాడికి పోతది గని, ముందుగాల గా ముచ్చట ఇను.

గీ మేడ మీద, ఇప్పుడు పిజ్జా డబ్బాలు పెట్టుకున్నరు జూడు, గా రూమే మీ తాతది. కాలేజీల రిటైరైనంక నా దగ్గర కిరాయికి తీసుకున్నడు. సోషల్ టీచర్లు కాబోయేటోళ్లకు పాఠం ఎట్ల చెప్పాల్నో నేర్పుతుండె. గప్పుడు అమీర్‌పేట అంటే ఏందనుకున్నవ్! సాఫ్ట్‌వేర్ జాతర. ఎటు జూస్తే అటు జావా, ఒరాకిల్ బోర్డులే. ఎస్.ఆర్. నగర్ హాస్టళ్లకెల్లి పోరగాళ్లు పొద్దుగాల్నే బ్యాగులేసుకొని దిగెటోళ్లు. గా జాతరల మీ తాత ఒక్కడు గోడకు ఇండియా పటం తగిలిచ్చుకొని కూసున్నడు. "సార్, మీరు సుత కంప్యూటర్ నేర్పరాదుండ్రి" అంటే, "కంప్యూటర్ నేర్పేవాడికి కూడా చిన్నప్పుడు ఎవరో ఒకరు సోషల్ చెప్పాలి కదా మొగిలయ్యా" అనెటోడు.

గాయన తిప్పలేందంటే, క్లాసుల కూసున్నోళ్లంత డిగ్రీలు చదివినోళ్లు. ఒకరు టీచర్ లెక్క నిలబడితే మిగిలినోళ్లు ఆరో తరగతి పిల్లల లెక్క నటించాలె. ప్రశ్న అడుగుడు ఆలస్యం, టపటప జవాబులు. తెలిసినోళ్లే చెప్పుడు, తెలిసినోళ్లే ఇనుడు! ఒకనాడు నన్ను పిలిచి బెంచీల కూసోబెట్టిండు. టీచరమ్మ "ఉత్తరం ఎక్కడుంది?" అన్నది. "పోస్టుమ్యాన్ ఇంక రాలె మేడం" అన్న నేను. అందరు నవ్విర్రు, మీ తాత నవ్వలె. "నువ్వు తెలిసి తప్పు చెప్తున్నావయ్యా. నాకు నిజంగా తెలియనివాడు కావాలి" అన్నడు. నిజంగ తెల్వనోడు ఏడ దొరుకుతడు? గప్పుడు అమీర్‌పేటల అందరు అన్నీ తెలిసినట్టే తిరుగుతుండిరి.

గా టీచరమ్మ పేరు సుమశ్రీ. కాకినాడ దిక్కు పిల్ల. మంచిది గని నోట్లెకెల్లి మాట రాదు. అంతకు ముందు ఏడు పరీక్ష పాఠం చెప్తుంటే ఎవడో పిల్లగాడు అనుకోని జవాబు చెప్పిండట, గంతే, బోర్డు దిక్కు తిరిగి ఏడ్సిందట. ఫెయిల్. ఈసారి సుత పోతే చదువు చాలు, ఇంటికి వచ్చెయ్ అన్నరు ఇంట్లోళ్లు. ఆమె టీచరైతదా లేదా అనేది గా ఒక్క పాఠం మీదనే ఉండె. మీ తాతకు అన్నం సుత సయించలె, నిజం చెప్తున్న.

గప్పుడే ఊడిపడ్డడు కేదారని ఒకడు, జావా నేర్వనీకి వచ్చినోడు. పక్క రూముల జావా పెట్టినోళ్లు ఇంత పెద్ద బ్యానర్ కట్టిర్రు. అది గాలికి జరిగి మీ తాత బోర్డు మీద పడ్డది. 'సోషల్ స్టడీస్' ఎనకకు పోయింది, ఉత్త 'మెథడ్స్' మిగిలింది. జావాల సుత మెథడ్స్ అని ఏందో ఉంటయట గద! వీడు చక్కగ వచ్చి ముందు బెంచీల కూసున్నడు. మీ తాత మొదలుపెట్టిండు: "ముందు ఆబ్జెక్టివ్. ఆబ్జెక్టివ్ లేని మెథడ్ దండగ. క్లాసును బట్టి మెథడ్." వీడు కిందమీద పడి రాసుకుంటనే ఉన్నడు! ఆబ్జెక్టు, క్లాసు, మెథడు, గవన్ని జావా మాటలేనంట. మరి గోడకు పటం కనబడలేదారా అంటే, "కంపెనీ బ్రాంచీలేమో అనుకున్నానండీ" అన్నడు తర్వాత.

సుమశ్రీ లేచి అడిగింది: "ఉత్తరం ఎక్కడుంది?" వీడు ఏలు ఫ్యాను దిక్కు పెట్టిండు. "పైనుందండీ." క్లాసంత గొల్లున నవ్వింది. వీడు బిత్తరపోయి, "ఏంటండీ, పటంలో ఉత్తరం పైనే కదా?" అన్నడు. ఇంజనీరింగ్ చదివిండు బిడ్డా! మీ తాత బల్ల గుద్దిండు. "దొరికాడు! వీడే అసలు పిల్లవాడు. వీడికి అర్థమయ్యేదాకా నీ పాఠం అవ్వదమ్మా." ఆమెకు కండ్లల్ల నీళ్లు, బోర్డు దిక్కు తిరగబోయింది. మీ తాత పోయి బోర్డుకు అడ్డం నిలబడ్డడు. "ఇటు తిరిగితే నేనుంటాను. పిల్లవాడు అటున్నాడు" అన్నడు.

ఇగ సుమశ్రీ ఏమనుకున్నదో, గోడకున్న పటం గుంజి, అందర్ని డాబా మీదికి తోల్కపోయింది. పటం కింద పరిచి రాళ్లు పెట్టింది. "పంజాగుట్ట ఎటు?" కేదారు చూపిచ్చిండు. "అటు వీపు పెట్టండి. ఇప్పుడు మీ ముక్కుకెదురుగా ఉన్నదే ఉత్తరం." పటం పైభాగం అటు తిప్పింది. వాడు పటం జూసిండు, రోడ్డు జూసిండు. "అరె, పైన కాదు మేడం, ముందుంది!" అన్నడు. సుమశ్రీ నవ్వంగ నేను జూసుడు గదే మొదటిసారి.

పరీక్ష నాడు బడిల ఒక పోరడు గట్లనే కప్పు దిక్కు ఏలు పెట్టిండట. ఈమె బోర్డు దిక్కు సుత చూడలె. "పదండ్రా బయటికి" అన్నదట. పాసైంది, టీచరైంది. కేదారు నౌకరి వచ్చినంక సుత మిఠాయి డబ్బ పట్టుకొని వచ్చి బెంచీల కూసుంటుండె. "ఇంక పనికిరావయ్యా, నీకు తెలిసిపోయింది" అని మీ తాత ఎల్లగొట్టెటోడు.

గాయన పోయినంక చానా దినాలు గా రూము తాళం తియ్య మనసు రాలె నాకు. మస్తు యాదికొస్తడు బిడ్డా.

సరే, అడుగు నీ ప్రశ్న. ఏందీ? గదేనా? ఉత్తరం ఎటున్నదా? పైనున్నది బిడ్డా. మీ తాత పక్కకే. అగో, కండ్లల్ల నీళ్లు పెట్టుకొని అటు తిరుగకు. ఇటు జూడు, నాకు తెల్వదు, చెప్పు.