మూడు ప్రశ్నల శ్యాంబాబు గారు

1990 జనవరి 22, సోమవారం ఉదయం మన రహదారుల ఉపవిభాగ కార్యాలయంలో గ్యాంగ్ మజ్దూరుగా చేరిన శ్రీ నేలపూడి శ్యాంబాబు గారు, ముప్పై ఆరేళ్ల పైచిలుకు నిర్విరామ సేవానంతరం, వర్క్ ఇన్‌స్పెక్టరు హోదాలో ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి అభినందన వ్యాసాలు రాసే బాధ్యత ఇరవై ఏళ్లుగా ఇక్కడ సీనియర్ అసిస్టెంటునైన నా మీదే పడుతోంది. నిజం ఒప్పుకోవాలంటే, వాటిలో చాలావాటికి పేరూ తేదీలూ మార్చి సరిపెట్టాను. ఇది మాత్రం మొదటి అక్షరం నుంచీ కొత్తగా రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో ఆయన ఆయుధాలు గొడ్డలి, ఇద్దరు చెరోవైపు పట్టి లాగే పెద్ద రంపం. తొంభై ఆరు నవంబరు తుఫానుకు కోనసీమ రోడ్లన్నీ కొబ్బరి చెట్లతో మూసుకుపోయినప్పుడు, తొమ్మిది రోజులు ఇంటి ముఖం చూడకుండా వాటిని తొలగించిన బృందంలో వారు అగ్రగణ్యులు. 2009లో పెట్రోలుతో నడిచే మిషను రంపాలు వచ్చాయి. వాటి మీద శిక్షణకు రాజమహేంద్రవరం పంపిస్తే, మిగిలినవాళ్లు భోజనాలు బాగున్నాయని చెబుతూ తిరిగివచ్చారు. శ్యాంబాబు గారు మాత్రం తెగిన చేతుల, కాళ్ల ఫొటోలు చూసి, రెండు రోజులు అన్నం సహించక తిరిగివచ్చారు.

ఆనాటి నుంచీ మన విభాగంలో ఒక ఆచారం ఏర్పడింది. హెల్మెట్టూ, కళ్లద్దాలూ, బూట్లూ ఉన్నాయో లేదో చూశాక, రంపం నేల మీద పెట్టి, చుట్టూ మనుషుల్ని దూరం జరిపి, స్టార్టు చేసే ముందు వారు అందరినీ మూడు ప్రశ్నలు అడిగేవారు. తెగితే కట్టే పట్టీల సంచీ ఎక్కడుంది? బండి రోడ్డు వైపు తిరిగి ఉందా, తాళం ఎవరి దగ్గరుంది? ఫోను చేస్తే మనం ఏ ఊరి దగ్గరున్నామని చెప్పాలి? ముగ్గురు గట్టిగా జవాబు చెబితే గానీ తాడు లాగేవారు కారు. సంచీలోని, రక్తం ఆపే బిగింపు పట్టీని నెలకోసారి అందరి చేతా కట్టించి, విప్పించేవారు. దీన్ని ‘శ్యాంబాబు గారి సండే స్కూలు’ అని ఎగతాళి చేసినవారిలో ప్రథముణ్ణి నేనే.

అంతటితో ఊరుకున్నానా అంటే, లేదు. రంపం గొలుసు తగిలినా తెగకుండా, లోపలి పీచు చుట్టుకొని గొలుసును ఆపేసే కాలి తొడుగులు నాలుగు జతలు మన కార్యాలయానికి వచ్చాయి. కొత్త సోఫాకు ప్లాస్టిక్ కవరు తియ్యని ఇల్లు మాది. ఆ బుద్ధే ఆఫీసులోనూ చూపించాను. రెండు జతలు ఇచ్చి, రెండు జతలు కవర్లతో సహా బీరువాలో పెట్టి తాళం వేశాను. తనిఖీకి వచ్చే పై అధికారులకు చూపించడానికి కొత్తవి ఉండాలి కదా అన్నాను. వారు నాలుగుసార్లు అడిగారు, నాలుగుసార్లూ మర్యాదగానే లేదన్నాను.

2023 డిసెంబరు తుఫాను మరునాడు, పెరవలి దాటాక కాలువ గట్టు రోడ్డుకు అడ్డంగా ఒక పెద్ద నిద్రగన్నేరు చెట్టు పడింది. మనవాళ్లకు పులిహోర పొట్లాలు ఇచ్చివద్దామని నేను జీపులో వెళ్లాను. ఆ రోజు రంపాలు మూడు, తొడుగులు రెండు జతలు. తన జతను కొత్తగా చేరిన వెంకటరాజుకు తొడిగించి, శ్యాంబాబు గారు ఉత్త ప్యాంటుతో పనిలోకి దిగారు. మాను కింద వంగి బిగుసుకున్న కొమ్మను కోస్తుండగా తడిసిన గట్టు జారి, కొమ్మ ఒక్కసారిగా పైకి లేచి, రంపం వెనక్కి తిరిగి వారి ఎడమ తొడను తాకింది.

నేను పొట్లాలు వదిలేసి సంచీ కోసం అటూ ఇటూ వెతికాను. వెంకటరాజు మాత్రం వెతుక్కోకుండా సంచీ తెచ్చి, గాయానికి పైన పట్టీ బిగించాడు. గుడ్డ కుక్కి నొక్కి పట్టే పని నా చేతికి వచ్చింది. రక్తం ఆగిందో లేదోనని గుడ్డ ఎత్తబోతుంటే, నేల మీద పడుకున్న మనిషే నాకు పాఠం చెప్పారు.

“తీసి చూడకండి రమణ గారూ. చూస్తే ఆగదండి. అలాగే నొక్కండి. పట్టీ ఎప్పుడు కట్టారో టైము రాయండి, డాక్టరు గారికి కావాలి.”

ఎడమ చేత్తో నొక్కుతూనే, పట్టీ మీద పెన్నుతో పదకొండూ ఇరవై అని రాశాను. జీపు రోడ్డు వైపే తిరిగి ఉంది, తాళం దానికే ఉంది. డ్రైవరు కిరణ్ దారిలోనే ఆసుపత్రికి ఫోను చేయించాడు. తణుకు చేరేవరకూ నేను గుడ్డ మీంచి చెయ్యి తియ్యలేదు. వారి కాలికి ఉండవలసిన తొడుగు నా బీరువాలో ఉందని దారంతా తెలుస్తూనే ఉంది.

నాలుగు నెలల తరవాత కర్ర సాయంతో విధుల్లో చేరిన రోజున, వారు నేరుగా నా బల్ల దగ్గరికి వచ్చారు. నిలదీస్తారనుకొని నేనే ముందుగా క్షమాపణ చెప్పబోయాను. వారు వినిపించుకోలేదు. బీరువా తీయించి, కవర్లను బ్లేడుతో తామే కోసి, తొడుగులను గ్యాంగుకు పంచిపెట్టారు. “కొత్తగా ఉన్నాయంటే ఎవరి కాలికీ లేవనేనండి,” అన్నారు, అంతే. ఆ మాట తప్ప, ఆ రోజు నుంచి ఈ రోజు వరకూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే నాకు కొంత బరువు తగ్గేదేమో.

మన కార్యాలయంలో సంతాప తీర్మానాలు రాసేదీ నేనే. దెబ్బ తగిలిన ఆ రోజు తణుకు ఆసుపత్రి బెంచీ మీద, వారి సతీమణి దీనమ్మ గారి పక్కన కూర్చున్న మూడు గంటల్లో, ‘శ్రీ శ్యాంబాబు గారి అకాల మరణం మన శాఖకు’ అంటూ ఒక వాక్యం దానంతటదే నా బుర్రలో మొదలైంది. అలవాటు అటువంటి పాడుది. సిగ్గుతో చచ్చిపోయాను. డాక్టరు గారు బయటికి వచ్చి, పట్టీ మీద టైము రాసినవారెవరని అడిగి, ప్రాణానికీ కాలికీ భయం లేదని చెప్పినప్పుడు, ఆవిడకంటే ముందు నేను ఏడ్చాను. ఆ వాక్యం అక్కడే ఆగిపోయింది. దాని బదులు ఈ వ్యాసం రాయగలుగుతున్నందుకు నాకు కలుగుతున్న ఊరటను వర్ణించడానికి ఇరవై ఏళ్లుగా వాడుతున్న ఏ సమాసమూ సరిపోవడం లేదు.

శ్యాంబాబు గారూ, సంపూర్ణ ఆరోగ్యంతో, నిండు మనసుతో మీరు దీర్ఘకాలం వర్ధిల్లాలి. తుఫాను హెచ్చరిక వినిపిస్తే ఇక మీరు దుప్పటి కప్పుకొని పడుకోవాలి. దీనమ్మ గారండీ, రెండు కాళ్ల మీద నడుస్తున్న మీ మనిషిని మీకు అప్పగిస్తున్నాం. వారు నూరేళ్లూ అలాగే నడవాలి.

వెంకటరమణ, సీనియర్ అసిస్టెంటు