గట్టుకి ఆనించిన నిచ్చెన

రాయిస్‌ని రేపు పాతిపెడతారు. ఇవాళ మధ్యాహ్నం వాళ్ళ నాన్న ఎల్డన్, సముద్రపు ఒడ్డున ట్రస్టు వాళ్ళ షెడ్డుకి వచ్చాడు. ట్రస్టు తరఫున ఆ ఒడ్డుని కనిపెట్టుకుని ఉండే పని అతని తమ్ముడి కూతురు లోర్నాది.

"అది కాదమ్మాయ్. దాని వెనక. గోడకి ఆనించి ఉందే, పొడుగ్గా. అదీ."

"ఇదా? ఈ నిచ్చెనా? ఇది నీదా పెదనాన్నా?"

"నాదే."

"నీదా!"

"నాదేనంటుంటే. ఎన్నిసార్లు చెప్పించుకుంటావు? ఇటివ్వు, తీసుకుపోతాను."

"ముందు కూర్చో. కాఫీ పోస్తాను. పొద్దుట్నించి ఏమన్నా తిన్నావా అసలు?"

"ఇంటినిండా తిండే. ఊళ్ళో ప్రతి ఆడమనిషీ ఓ బీన్సు గిన్నె తెచ్చి బల్ల మీద పెట్టి పోతోంది. తినే నోరే లేదు. నిచ్చెన ఇవ్వు."

"రేపు అన్నని సాగనంపాలి, నువ్వు ఇవాళ నిచ్చెన కోసం వచ్చావా? నీకు బాగానే ఉందా?"

"బాగాలేదు. నిచ్చెన ఇవ్వు."

"ఇస్తాలే, ఎక్కడికి పోతుంది. కానీ వేసింది నువ్వంటే నమ్మబుద్ధి కావడం లేదు. గట్టుకి నిచ్చెన వేసిన ఆ దొంగ ఎవడా అని ఎంత తల బద్దలు కొట్టుకున్నానో! ఇంటి దొంగవేనన్నమాట."

"స్ప్రూస్ చెట్టు కర్రలు అవి. మెట్లు పీతలు పట్టే పాత బోనుల తాడుతో కట్టాను. పదిమంది ఎక్కినా కదలదు."

"గట్టిగానే కట్టావు, లాగి చూశాను కదా, నాకు తెలుసు. అది కాదు నేను అడిగేది. నానమ్మ ఈ ఒడ్డంతా ట్రస్టుకి రాసిచ్చినప్పుడు పక్కన సంతకం పెట్టింది ఎవరు? నువ్వు కాదూ?"

"నేనే."

"గట్టుకి గోడ కట్టకూడదు, రాళ్ళు పొయ్యకూడదు, మెట్లు వెయ్యకూడదు, దాని మానాన దాన్ని జారనివ్వాలి అని చదివి వినిపించినప్పుడు తల ఊపింది ఎవరు?"

"నేనేనంటున్నాను కదా."

"గట్టు జారిన మట్టే, నీళ్ళు దిగితే తేలే ఆ బురద మేటకి తిండి, మేట బతికితేనే గుల్లలు బతుకుతాయి, గుల్లలు బతికితేనే మనం బతుకుతాం అని నన్ను భుజాల మీద ఎక్కించుకుని చెప్పింది కూడా నువ్వేగా!"

"నేనే. ఎప్పుడు తీశావు?"

"ఏంటి?"

"నిచ్చెన. ఎప్పుడు తీశావు?"

"మాట మార్చకు. నీ ఒక్క నిచ్చెనే కదా అని వదిలేస్తే, ఆ పక్క ఇల్లు కొన్న బోస్టన్ ఆయన ఊరుకుంటాడా? వాళ్ళింటి కింద రాతిగోడ కట్టుకోనివ్వమని ఎప్పట్నించో మా ప్రాణం తీస్తున్నాడు. ఆయన గోడ కట్టాడంటే ఇటు గట్టు మట్టి రాదు, మేట రెండు చలికాలాలకి కరిగి రాళ్ళు తేలతాయి. ఊళ్ళోవాళ్ళ నిచ్చెన ఉండొచ్చు గానీ నా గోడ ఉండకూడదా అని తిన్నగా కోర్టుకెక్కుతాడు. అప్పుడు నేనేం చెప్పాలి? మా పెదనాన్నదండీ అని చెప్పాలా?"

"నువ్వు చెప్పింది నిజమే."

"హమ్మయ్య. ఒప్పుకున్నావు."

"ఒప్పుకున్నాను. ఎప్పుడు తీశావు?"

"సోమవారం."

"పొద్దున్నా?"

"భోజనం చేశాక. ఎందుకు?"

"నీళ్ళెక్కడున్నాయప్పుడు?"

"నీళ్ళా? దిగే ఉండాలి, అల చప్పుడు ఎక్కడో దూరంగా వినబడింది. అయినా ఏం కనబడి చచ్చింది? పొగమంచు ఎలా కమ్మేసిందో నీకు తెలీదా? నా బూట్లు నాకే కనబడలేదు. పైనుంచే తాడు వేసి లాగాను. నడుం ఇంకా పట్టేసే ఉంది."

"అరిచావా?"

"ఎవర్ని?"

"కిందికి. ఎవరన్నా ఉన్నారా అని అరిచావా?"

"కింద ఎవరుంటారు? గుల్లలు తవ్వేవాళ్ళకి రేవు దారి ఉంది కదా. మా ట్రస్టే వేయించింది, కంకర కూడా పోయించాం. ఆ దారి మూసెయ్యకుండా ఉండాలని నానమ్మ పెట్టిన షరతు కూడా తప్పలేదు. ఇంకెవరికి కావాలి నిచ్చెన?"

"రేవు దారి."

"ఆఁ."

"మేట మధ్య కాలవకి అవతల."

"అవతలే. అయితే?"

"ఏం లేదు. ఆ కాఫీ ఉంటే పొయ్యి."

"ఇదిగో. వేడిగా ఉంది, ఒంపుకోకు. అన్నట్టు పెదనాన్నా, ఆ నిచ్చెన వాడేది నువ్వొక్కడివే కాదు కదూ? నిజం చెప్పు. నేను తీసేశానని ఎవడో కక్ష కట్టాడు."

"ఏం కక్ష?"

"నిన్న ఫోటోలు తీద్దామని వెళ్ళాను. ఇంట్లో కూర్చోలేకపోయాను. అన్న పోయాడన్న మాట తలకెక్కడం లేదు, చేతులకి ఏదో ఒక పని కావాలి. పడవలో కింద నుంచి చూస్తే, నిచ్చెన ఉన్న చోట గట్టంతా గోకి పారేశారు. గుల్లలు తవ్వే ముళ్ళపారతో మెట్లు తవ్వినట్టు. మట్టి బొరియల్లో వానకోవెలల గూళ్ళున్నాయి కదా అక్కడ, వరసగా పగలగొట్టేశారు. మొన్నమొన్ననే గుడ్డులోంచి వచ్చిన పిల్లలు, ఒంటి మీద ఈకల్లేవు, రాళ్ళ మధ్య చచ్చి పడున్నాయి. ఒక నిచ్చెన కోసం ఇంత పని చేస్తారా ఎవరన్నా? ఏడుపొచ్చింది నాకు. దొరికితే వాడి చెయ్యి విరగ్గొట్టేదాన్ని."

"ఎంత ఎత్తుదాకా?"

"ఏది?"

"ఆ మెట్లు."

"నా తల దాటి ఇంకా పైకి. పోను పోను లోతు తగ్గిపోయాయి. చివర్లో అవి మెట్లు కూడా కాదు, వట్టి గీతలు. ఆ పైన పెద్ద పెళ్ళ ఊడి పడిపోయింది. పార పట్టు తప్పి వాడే ఊడగొట్టి ఉంటాడు."

"పైకి ఇంకా ఎంత ఉంది?"

"అందేటంతే. చెయ్యి చాపితే గడ్డి దొరుకుతుంది. ఎందుకలా అడుగుతున్నావు? పెదనాన్నా? ఏమైంది? కప్పు ఇలా ఇవ్వు. కూర్చో. ఈ పెట్టె మీద కూర్చో."

"గట్టు మట్టి నీలమే కదా అక్కడ."

"పై నుంచి కిందిదాకా నీలమే. నీకు తెలీదా?"

"గుర్తుపట్టమని పిలిచారు కదా నన్ను, మంగళవారం. మొహం చూడలేకపోయాను. చేతులు చూశాను. గోళ్ళ కింద మట్టి. మేట బురదలే అనుకున్నాను. మేట బురద నల్లగా కదా ఉంటుంది."

"ఎవరి చేతులు?"

"నీలంగా ఉంది. రెండు గోళ్ళు లేనే లేవు."

"పెదనాన్నా, ఎవరి చేతులు?"

"ఇంకెవరివే."

"కాదు. కాదు కాదు. అన్న రేవు వైపు కదా తవ్వేది? నాతో చెప్పాడు. ట్రస్టు దారి బాగుందే, కంకర పోయించి మంచి పని చేశావే అన్నాడు. వాడే అన్నాడు!"

"నీతో అలాగే అంటాడు. చెల్లెలి ఉద్యోగానికి ఇబ్బంది, దానికి తెలీనివ్వకు నాన్నా అనేవాడు."

"వాడు దొరికింది కాలవలో. చేపల శాఖ వార్డెన్ చెప్పాడు. మంచులో దారి తప్పి కాలవలో పడ్డాడని అందరూ అంటున్నారు."

"చిన్నప్పట్నించీ అక్కడే తవ్వినవాడు దారి తప్పుతాడా? నీరు వాణ్ణి గట్టు కింద నుంచి అక్కడికి ఈడ్చుకుపోయింది. పోటు వచ్చేటప్పుడు ముందు నిండేది కాలవే లోర్నా. మేట మీద కాళ్ళు ఇంకా తడవకముందే రేవు దారి తెగిపోతుంది. వెనక్కి నీళ్ళు, ముందు గట్టు. అందుకే అక్కడ నిచ్చెన. మా నాన్న పెట్టాడు, వాళ్ళ నాన్న పెట్టాడు, నేను పెట్టాను. మంచులో వాడు తిన్నగా దాని దగ్గరికే వచ్చి ఉంటాడు. చెయ్యి చాపి ఉంటాడు."

"ఆపు."

"ఇక్కడే కదా ఉండాలి అని అటూ ఇటూ తడిమి ఉంటాడు."

"ఆపు పెదనాన్నా, నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నీళ్ళు దిగి ఉన్నంతసేపు గట్టుకున్న నిచ్చెనని ఎవడూ ముట్టుకోడు. పగవాడిదైనా సరే. మీ నాన్నకీ నాకూ పడవ దగ్గర గొడవై మాటల్లేని రోజుల్లో కూడా, నా నిచ్చెన మీద వాడు చెయ్యి వెయ్యలేదు. తాడు వదులైతే బిగించి పోయేవాడు. ఇది నీకెవరూ చెప్పలేదా?"

"చెప్పాడు."

"ఎవరు?"

"నాన్న. నాకు తెలుసు. చిన్నప్పుడే చెప్పాడు, పోటు వచ్చి గట్టుని తాకాకే నిచ్చెన తియ్యాలని. నాకు తెలుసు పెదనాన్నా, తెలీక కాదు. కానీ ఇది ఆ నిచ్చెన అని తోచలేదు. ట్రస్టు నేలలో ఎవడో అడక్కుండా పెట్టిన వస్తువు, తీసెయ్యాలి, అంతే. దాని మీద ఒక మనిషి దిగి ఉంటాడనే అనిపించలేదు."

"ఊరుకో."

"పక్షిపిల్లలు చచ్చాయని ఏడ్చాను నేను. అన్న చెయ్యి విరగ్గొడతానన్నాను. ఇప్పుడే కదా అన్నాను, నీ ఎదురుగా!"

"ఊరుకో తల్లీ. గట్టుకి మెట్లు వద్దని సంతకం పెట్టిందీ నేనే, చాటుగా నిచ్చెన వేసిందీ నేనే. అడిగి వేసుంటే నీకు తెలిసుండేది. అడిగితే కాదంటావేమోనని అడగలేదు."

"కాదనేదాన్నే."

"ఊఁ."

"జోలీన్ దగ్గరికి వెళ్తాను. ఇప్పుడే వెళ్తాను. వదినకి నేనే చెప్పాలి, వేరేవాళ్ళ నోట వినకూడదు."

"వద్దు."

"వద్దంటే? దాచమంటావా? రేపు అన్న పిల్లల పక్కన నిలబడి నేను ఏడవాలా?"

"వద్దన్నాను. చెప్తే ఏమవుతుందో తెలుసా నీకు? పక్షుల కోసం ట్రస్టు వాళ్ళు ఒక మనిషిని చంపారంటారు. రేపు చర్చి బయటే అంటారు. ఇప్పుడు మీతో ఉన్నవాళ్ళు కూడా బోస్టన్ వాడి వెనక చేరతారు. వాడు రాళ్ళ లారీలు దింపుతాడు, అడ్డం వెళ్ళే మొహం మీలో ఒక్కరికీ ఉండదు. మీ నానమ్మ చేసిందంతా నీళ్ళపాలు. మేట పోతుంది, దానితోపాటు ఊళ్ళో పొయ్యిలు ఆరిపోతాయి. వాడు తవ్విన మేట అది."

"పోతే పోనీ! ఒడ్డు కావాలా ఇప్పుడు నీకు? కొడుకు పోయాడు నీకు!"

"పోయాడు. ఒక్కడే, పోయాడు. నిన్ను కూడా పోగొట్టుకోమంటావా? ఈ ఊళ్ళో నీకు పాలసీసా అమ్మేవాడుండడు. నువ్వు ఎక్కడికి పోయినా ఇది నీతోనే వస్తుంది. నాకింకెన్నాళ్ళుంది? నువ్వు ఇక్కడ బతకాలి."

"ఎలా బతకాలి? చెప్పు. అటు చూడు, కిటికీలోంచి గట్టు కనబడుతూనే ఉంది. రోజూ దాన్ని చూసుకోవడమే నా పని."

"చూసుకో. అదే పని. ఇంకోసారి నీళ్ళు దిగి ఉండగా దేన్నీ ముట్టుకోవు కదా. చాలు."

"వదిన ఊరుకోదు. వాడు ఆ నిచ్చెన మీదే దిగేవాడని ఆవిడకి తెలుసా?"

"తెలుసు."

"మరి? అడగదా? నిచ్చెన ఏమైంది, ఎవరు తీశారు అని అడగదా?"

"నిన్న సాయంత్రమే అడిగింది."

"ఏం చెప్పావు? పెదనాన్నా, ఏం చెప్పావు?"

"తాడు మారుద్దామని నేనే తీశాను, మళ్ళీ పెట్టడం మర్చిపోయాను అన్నాను. పిల్లల్ని లోపలికి తీసుకుపోయి, నా మొహం మీద తలుపేసింది. రేపు చర్చిలో తన పక్కన కూర్చోవద్దంది. జోలీన్ వాళ్ళ అన్న ఇవాళ సాయంత్రం నిచ్చెన నా షెడ్డులో ఉందో లేదో చూడ్డానికి వస్తాడట, ఈలోపు అది అక్కడ ఉండాలి. ఆ చివర పట్టు."