తెర మీద ఆకుపచ్చ చుక్క

రాజమండ్రి, 2003 మే. కాలేజీ ఫిజిక్స్ ల్యాబు. అతిథులు భోజనాలకి లేచారు. ప్రొఫెసర్ చంద్రరావు, ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న రమ్యశ్రీ మిగిలారు.

"కాస్త నవ్వు, రమ్యా. చుక్క వెలిగింది. ఎమ్మెల్యే గారు చప్పట్లు కొట్టారు."

"కొట్టారండి. దేనికి కొట్టారో ఆయనకి తెలీదండి."

"నాకు తెలుసుగా. లేజర్ లోహం మీద పడింది, ఎలక్ట్రాన్లు ఊడొచ్చాయి, హైవోల్టేజీ వాటిని తోసింది, తెర మీద ఆకుపచ్చ చుక్క పడింది. నా ప్రయోగం, నా ఇన్నేళ్ళ కష్టం."

"హైవోల్టేజీ లేదండి."

"ఏంటి?"

"కరెంటు పోయిందండి. మీరు మాట్లాడుతుండగానే."

"ఫ్యాను ఆగిందనా నాకా చెమటలు? సంతోషంతో పట్టాయనుకున్నాను. మరి ఎవరూ గమనించలేదే..."

"చుక్క కనబడాలని లైట్లు ముందే ఆర్పించారు కదండీ."

"కరెంటు పోతే లేజర్ ఎలా పనిచేసింది?"

"దానికి ఇన్వర్టర్ ఉందండి. హైవోల్టేజీకున్న ఇన్వర్టర్‌ని మీరే ప్రిన్సిపాల్ గారి కూలరుకి ఇప్పించారు."

"అయితే ఆ చుక్క?"

"లేజర్‌దీ ఆకుపచ్చ రంగే కదండీ. ఆ వెలుతురే చెదిరి తెర మీద పడింది. ఎలక్ట్రాన్లు కావు."

"ఒక్కటి కూడానా?"

"ఊడినా, తోసే దిక్కు లేదు కదండీ."

"వెటకారాలొద్దు."

"కరెంటు వచ్చాక మళ్ళీ టెస్ట్ చేద్దామండి. నిజం చుక్క పడితేనే థీసిస్‌లో రాస్తాను."

"థీసిస్‌కి సంతకం పెట్టేదెవరు?"

"మీరేనండి."

"మరి? మీ నాన్న బుల్లియ్య పాపం, వలలో మంచి పండుగొప్ప పడితే చాలు, మా ఇంటికే తెస్తాడు. ఆయన మొహం చూసైనా నోరు మూసుకో."

"ఆయన చేపలు తెచ్చింది సంతకానికండి. అబద్ధానికి కాదు."

"అబ్బో. అయినా ఎవరు కనిపెడతారు? ఎమ్మెల్యే గారు, ఎలక్ట్రాన్లు ఏ ఊళ్ళో తయారవుతాయని అడిగారు."

"ఇండోర్ లేజర్ కేంద్రం నుంచి వచ్చిన సైంటిస్టు గారు ఉన్నారండి."

"ఆయనా? రెప్ప వెయ్యకుండా చూశారు. నేను గమనించాను."

"ఆయన తెర చూడలేదండి. ఆగిపోయిన ఫ్యాను చూశారు. వెళ్తూ వెళ్తూ నన్నడిగారు, ఈ ప్రయోగం ఎవరిదమ్మా అని."

"ఏం చెప్పావ్?"

"ఇంకా చెప్పలేదండి. మిమ్మల్ని అడిగి చెబుదామని."

"అడగడానికేముంది తల్లీ? నీదే. మొదట్నుంచీ అంతా నువ్వే కదమ్మా చేసింది."