పెళ్లికొడుకు పక్కన ఎవరూ లేరు

సావా నది కట్ట తెగి ఊరు మునిగి నాలుగేళ్లయింది. విటొమిర్ వంటింట్లో ఆయన తమ్ముడి కూతురు యాగొడ కంప్యూటరు ముందు కూర్చుని ఉంది. వరదప్పుడు కట్ట కాపలాకి పెద్దగా ఉన్న రాదిసావ్ తలుపు తోసుకుని వచ్చాడు.

“కూర్చో, రాదిసావ్.”

“కూర్చోడానికి రాలేదు. నా పేరు తీసెయ్.”

“ఎందులోంచి?”

“నాటకాలాడకు, విటొమిర్! రొట్టెల కొట్టు ముందు స్తంభానికి ఆ కాగితమేంటి? చుట్టూ నల్లగీత! ఎవరో పోయారనుకుని టోపీ తీశాను, సిలువ కూడా గీసుకున్నాను. తీరా చూస్తే నీ పుస్తకం ప్రకటన!”

“చావు కబురైతేనే మన ఊరు ఆగి చదివేది.”

“‘వరద రాత్రి ఎవరెక్కడున్నారో అంతా ఇందులో ఉంది. ఈ-మెయిల్ ఇస్తే మొదటి భాగం ఉత్తినే పంపుతాం.’ ఇదా పద్ధతి?”

“పుస్తకం అమ్మాలంటే ముందు జనాన్ని పోగెయ్యాలంది యాగొడ. పోగేశాం.”

“మూడొందల మంది దాటారు, రాదిసావ్ గారూ. మీరూ ఇచ్చారు. మీ పేరున కాదు, మీ కోడలి పేరున.”

“గారా? బాబాయ్ అనేదానివి కదే నన్ను!”

“అనేదాన్ని. మా నాన్న ఉన్నప్పుడు.”

“...సరే. సరే. విటొమిర్, ఒక్క మాట చెప్పు. అందులో నా గురించి ఏముంది?”

“ఏమీ లేదు.”

“ఏమీ లేదంటే?”

“నీ పేరు లేదు. ఎక్కడా.”

“ఒట్టు?”

“ఒట్టు.”

“హమ్మయ్య! అనవసరంగా ఆయాసపడ్డాను. అమ్మా యాగొడా, ఇంటికొచ్చినవాడికి ఉత్త మంచినీళ్లేనా? ఓ చెంచాడు తీపి పెట్టవూ?”

“లేదండీ తీపి.”

“పోనీలే. మరి... కట్ట కాపలావాళ్ల పేర్లు రాశావా?”

“అందరివీ. నీది తప్ప.”

“వాళ్లకి పెద్దని నేను కదా!”

“పెద్దంటూ ఎవరూ లేరని రాశాను.”

“మనం కప్పు గెలిచిన ఫుట్‌బాల్ ఆట?”

“పదిమందిమే ఆడామని రాశాను.”

“పదిమందితో ఎవడైనా ఆడతాడా! గోల్ కాసింది ఎవరు మరి?”

“ఎవరూ కాయలేదు. అయినా గెలిచాం.”

“నీ పెళ్లి? పెళ్లిసాక్షిగా నీ పక్కన నిలబడ్డ కూమ్‌ని నేను! గుళ్లో కొవ్వొత్తి పట్టిన చెయ్యి ఇదే! నీ కొడుక్కి పేరు పెట్టింది నేను!”

“పెళ్లికొడుకు పక్కన ఎవరూ లేరు. కొడుక్కి పేరు నేనే పెట్టుకున్నాను. అలాగే ఉంది పుస్తకంలో.”

“కూమ్, ఊరంతా చదువుతుంది. నా మనవలు చదువుతారు. తాత ఏడీ అని వెతుక్కుంటారు. బతికుండగానే చంపేస్తున్నావు నన్ను.”

“చంపలేదు. నువ్వు పుట్టనే లేదు.”

“తాగుబోతునని రాయి. దొంగనని రాయి. ఏదో ఒకటి రాయి!”

“ఏం రాయను? ఆ రాత్రి నువ్వెక్కడున్నావో నాకు తెలియదు. తెలియనిది రాయను.”

“తెలుసు నీకు!”

“చీకటి. ఎవరూ చూడలేదు.”

“మా నాన్న చూసి ఉంటాడు, పెదనాన్నా.”



“పొద్దుపోతోంది, రాదిసావ్. ఇంటికి పో.”

“కట్టమీదే ఉన్నాను. చాలా? ట్రాక్టరు వేసుకుని ఉన్నాను. నీళ్లు నా పిండిమిల్లు మీదికి వస్తున్నాయి. మీ వైపు కట్ట తెంపాను. నీ తమ్ముడు తిహొమిర్ ఆవు పలుపు విప్పడానికి వెనక్కి పరిగెత్తుతాడని నేను కలగన్నానా? రాయి! తెంపింది నేనేనని రాయి! పుట్టలేదంట!”

“రాశావా, యాగొడా?”

“రాశాను. చదవమంటారా?”

“అక్కర్లేదు. పూర్తి పేరు వెయ్యి. లుకిచ్‌లు ఇద్దరున్నారు ఊళ్లో, ఆ మేకల లుకిచ్ అనుకోగలరు. రాదిసావ్ లుకిచ్, మిల్లు రాదిసావ్ అని వెయ్యి.”

“అచ్చు తీశాను. ఇక్కడ సంతకం పెట్టండి.”

“ఇంద. ఇప్పుడైనా ఉన్నానా పుస్తకంలో?”

“ఉన్నావు, రాదిసావ్. నీ అంతగా ఇంకెవరూ లేరు.”

మర్నాడు పొద్దున, అదే వంటింట్లో.

“పెదనాన్నా, రాదిసావ్ గారు చెప్పింది పెట్టాను. దీని ముందు పేజీలేవి? మీ పెళ్లి, ఆ ఆట, కాపలావాళ్లు...”

“అవేం లేవు.”

“లేకపోవడమేంటి? పుస్తకం?”

“మూడు తరగతులు చదివినవాణ్ణి. నేనేం పుస్తకం రాస్తాను తల్లీ?”

“మరి ఇంతమంది చిరునామాలు పోగేయించారు!”

“వాడి నోటి మాట వినడానికి జనం ఉండొద్దూ?”

“అయితే... ఆయన కోడలి చిరునామా తీసెయ్యనా? పిల్లలున్న ఇల్లు.”

“దాన్నే అందరికంటే పైన పెట్టు. ఊఁ, జరుగు. పంపే మీట నేను నొక్కుతాను.”