కాదనే వీలు

డెరెక్ పోయిన రోజున ఆయన భార్య హాలిఫాక్స్‌లో ఒక బడిలో, సెలవు పెట్టిన టీచరు బదులు పాఠం చెబుతోంది. నెల తర్వాత ఆ బడి హెడ్‌మిస్ట్రెస్ ఆమెను టీకి పిలిచింది.

“జులై దాకా నాలుగో తరగతి నీదే. ఇక్కడ స్టాఫ్‌రూములో నీకంటూ ఒక కప్పు కూడా ఉంటుంది.”

“పోయినేడూ ఇదే అడిగావు.”

“రోజుకో బడే నయమన్నావు.”

“డెరెక్‌కి బాగోలేని రోజు రాననొచ్చని. పొద్దున ఏడింటికి, బడులకు టీచర్లను పంపే ఏజెన్సీవాళ్ళు ఫోను చేసినప్పుడు కాదంటే చాలుగా.”

“మరి ఎన్నిసార్లు కాదన్నావు?”

“ఒక్కసారీ అనలేదు. అంటే మళ్ళీ పిలవరని భయం. ఆ రోజు కూడా డెరెక్, వెళ్ళు, నేనెక్కడికి పోతానన్నాడు.”

“ఇప్పుడైనా ఒప్పుకో, తల్లీ.”

“కాదని ఇంట్లో ఉండిపోవాల్సిన రోజులు ఇక లేవుగా.”

సంతకానికి గడువు శుక్రవారం. హెడ్‌మిస్ట్రెస్ ఇచ్చిన ఒప్పందం కాగితం మీద ఆమె ఇంకా పెట్టలేదు.