ముసురులో ఎర్ర బటన్

నందివాడలో చేపల రైతు ఇంటి వరండా. గోడకున్న చెరువు మోటార్ల కీప్యాడ్ కింద కూర్చుని ముజమ్మిల్ ల్యాప్‌టాప్ తెరిచాడు. పోయిన వారం ఆ కీప్యాడ్‌ని బిగించింది అతనే. మూడు రోజులుగా ముసురు.

“బటన్ల లైటు కళ్లలో పొడుస్తోందన్నారు కదా మావయ్యగారూ. అందుకే తెర మీద ఒక్కో బటన్‌కీ ఉన్న ఈ డబ్బాలన్నిటినీ ఎండా మబ్బూ చూసే డబ్బాకి గీతలతో కలిపాను. ఎండకి వెలుగు పెరుగుతుంది, మబ్బేస్తే తగ్గుతుంది.”

“తగ్గిందయ్యా. కంటికి హాయిగా ఉంది.”

“చెరువులో ఆక్సిజన్ పడిపోతే వెలిగే ఎర్ర బటనో?”

“ఒక్కసారీ వెలగలేదు. నీళ్లలోకి గాలి కొట్టే ఏరియేటర్లు వేసే పనే పడలేదు.”

ముజమ్మిల్ వేలు ఒక గీత మీద ఆగిపోయింది. ఎర్ర బటన్ని కూడా ఆ మబ్బు డబ్బాకే కలిపేశాడు. ముసురు పడితే అదీ కనపడనంతగా మసకబారిపోతుంది.

“ముసురు పడితేనే కదండీ ఆక్సిజన్ పడిపోయేది! మీరు గట్టు మీదకి వెళ్లి చూడలేదా?”

“ఇదివరకు తెల్లారేసరికి అక్కడే ఉండేవాణ్ణి. ఇప్పుడు నీ బటన్ ఉందిగా.”

అతను ఆ గీత తెంపేశాడు. గోడ మీద ఎర్ర బటన్ భగ్గున వెలిగింది.

“అదిగో, వెలిగింది! సమయానికొచ్చావయ్యా.”

ముజమ్మిల్ వరండాలోంచి, దూరంగా చెరువు మీద గుంపుగా తిరుగుతున్న గద్దల్ని చూస్తున్నాడు.